తెలుగు సమాజంలో వార్ధక్యం

వయసు మళ్లినవారిని ఇంట్లో, ఊళ్లో, కొలువులో ఎలా చూస్తారు, వారి నుంచి ఏం ఆశిస్తారు, వారికి ఏం దక్కనిస్తారు అన్నవి ఏ సమాజపు స్వభావాన్నైనా తేటతెల్లం చేసే ప్రశ్నలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ ప్రశ్నలకు జవాబులు గత నూరేళ్లలో బాగా మారాయి. పెద్దల పట్ల గౌరవం తెలుగు సంస్కృతిలో ప్రధానమైన విలువ. అయితే ఆ గౌరవం అందరికీ ఒకే తీరుగా అందలేదు. ఆస్తి, స్త్రీ పురుష భేదం, కులం, వృత్తి, ఆరోగ్యం దాన్ని పెంచుతూ తగ్గిస్తూ వచ్చాయి. ఉమ్మడి కుటుంబాలు చీలిపోవడం, కనే పిల్లల సంఖ్య తగ్గడం, వలసలు, ప్రభుత్వ పింఛన్లు, 2007 నాటి పోషణ చట్టం కలిసి వృద్ధుల బాగోగులను కొడుకుల మంచితనానికి వదిలేసే దశ నుంచి హక్కుగా అడిగే దశకు తెచ్చాయి. ఆ మార్పు ఇంకా సగంలోనే ఉంది.

జనాభా నేపథ్యం

భారతదేశంలో 60 ఏళ్లు నిండినవారిని చట్టం వయోవృద్ధులుగా గుర్తిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వీరి సంఖ్య 10.38 కోట్లు, అంటే మొత్తం జనాభాలో 8.6 శాతం. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరి వాటా 9.8 శాతం. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక బృందం అంచనాల ప్రకారం 2021లో దేశంలో 10.1 శాతంగా ఉన్న ఈ వాటా 2031 నాటికి 13.1 శాతానికి చేరుతుంది. విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లో అది 12.4 శాతం నుంచి 16.4 శాతానికి పెరుగుతుంది. కేరళ, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్‌ల తరువాత దేశంలో త్వరగా వయసు మీద పడుతున్న పెద్ద రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

దీనికి ప్రధాన కారణం కాన్పులు తగ్గడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి పుట్టే పిల్లల సగటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8గా తేలింది. జనాభా నిలకడగా ఉండడానికి ఆ సగటు 2.1 ఉండాలి. దశాబ్దాల పాటు చిన్న కుటుంబాన్ని ప్రచారం చేసిన ప్రభుత్వమే ఇప్పుడు దిశ మార్చుకుంటోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. రాష్ట్రంలో వృద్ధుల వాటా పెరిగిపోతోందన్న ఆందోళనను ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు బహిరంగంగానే వ్యక్తం చేశారు. నలుగురైదుగురు కొడుకులు కూతుళ్ల మధ్య పంచుకోగలిగిన బరువు ఇప్పుడు ఒకరిద్దరి మీదే పడుతోంది. ఆ ఒకరిద్దరూ చాలాసార్లు కన్నవారున్న ఊళ్లో ఉండడం లేదు.

సంప్రదాయ భావనలు

ధర్మశాస్త్రాలు మనిషి జీవితాన్ని నాలుగు ఆశ్రమాలుగా విభజించాయి. సంసార బాధ్యతలు తీరాక వానప్రస్థం, ఆ పైన సన్యాసం. ఆచరణలో అడవికి వెళ్లినవారు కొద్దిమందే అయినా, వయసు మళ్లాక పెత్తనం వదులుకుని దైవచింతనలో గడపాలన్న భావన మాత్రం జనంలో గట్టిగా నాటుకుంది. ‘కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక’ అన్న మందలింపు అందులోంచి వచ్చిందే. కొత్త బట్ట కట్టినా, ప్రయాణం పెట్టుకున్నా ‘ముసలోడికి దసరా పండగ’ అనే మాట వినపడుతుంది. ఇంకోపక్క ‘పెద్దల మాట చద్దన్నం మూట’ అని అదే నోరు చెబుతుంది. పెద్దల అనుభవాన్ని గౌరవించడం, పెద్దల కోరికలను తప్పుపట్టడం తెలుగు ఇళ్లలో పక్కపక్కనే నడిచాయి.

మహాభారతంలోని యయాతి కథ ఈ మిశ్రమ భావనకు పాత సాక్ష్యం. నన్నయ ఆదిపర్వం ద్వారా అది తెలుగువారికి చేరింది. శుక్రాచార్యుడి శాపంతో ముసలితనం మీదపడిన యయాతి దాన్ని తీసుకుని యౌవనం ఇమ్మని కొడుకులను అడుగుతాడు. నలుగురు కాదంటారు, చిన్నవాడైన పూరుడు ఒప్పుకుంటాడు. చివరకు రాజ్యం అతనికే దక్కుతుంది. కన్నవారి కోసం త్యాగం చేసిన కొడుకును ఆకాశానికెత్తే ఈ కథ ముసలితనాన్ని మాత్రం శాపంగానే చూపిస్తుంది. శ్రవణకుమారుడి కథ ఎన్ని తరాలుగా పిల్లలకు ఆదర్శంగా నిలిచిందో చెప్పనక్కరలేదు. తెలుగు నేల మీది ఇతర మతాలదీ ఇదే బోధ. తల్లిదండ్రుల మీద విసుక్కోవద్దని ఖురాన్, వారిని సన్మానించమని బైబిల్‌లోని పది ఆజ్ఞలు ఆదేశిస్తాయి.

ఆదరణ కనిపించే ఆచారాలు తెలుగు ఇళ్లలో చాలా ఉన్నాయి. పెళ్లిలో పెద్దల అక్షింతలు పడందే తంతు పూర్తికాదు. మనవడికి తాత పేరు పెట్టడం అన్ని ప్రాంతాల్లోనూ ఉన్న ఆనవాయితీ. మామగారి పేరు నోట పలకకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో ఆ పిల్లవాడిని తల్లి అసలు పేరుతో కాక ముద్దుపేరుతోనే పిలుస్తుంది. ఉత్తరాంధ్రలో సంక్రాంతి పెద్దల పండగ. కాలం చేసినవారికి కొత్త బట్టలు పెట్టి, ఇష్టమైన వంటలు వండి చూపుతారు. తెలంగాణలో బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు చనిపోయిన పెద్దల పేరిట బియ్యం ఇస్తారు. ఇంత శ్రద్ధగా పెట్టుకునే ఇళ్లన్నీ బతికున్న పెద్దలకు అంతే శ్రద్ధగా పెడుతున్నాయా అన్నది ఊరి పెద్దలు పంచాయితీల్లో తరచూ వేసే ప్రశ్న.

షష్టిపూర్తి

వయసును వేడుకగా చేసుకునే తెలుగు ఆచారాల్లో షష్టిపూర్తి ముఖ్యమైనది. ప్రభవ నుంచి అక్షయ దాకా తెలుగు సంవత్సరాలు 60. మనిషికి 60 నిండేసరికి పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వస్తుంది. 1965-66 విశ్వావసు నామ సంవత్సరంలో పుట్టినవారికి 2025-26లో మళ్లీ విశ్వావసే వచ్చింది. ఆ సందర్భాన ఆయుష్య హోమం చేసి, కలశాల్లోని మంత్రజలంతో దంపతులకు పిల్లలే స్నానం చేయిస్తారు. కొత్త బట్టలు కట్టుకున్న భార్య మెడలో భర్త మరోసారి మంగళసూత్రం కడతాడు. 70వ ఏట భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూసినందుకు గుర్తుగా దాదాపు 81 ఏళ్ల వయసులో సహస్ర చంద్ర దర్శనం చేస్తారు.

ఈ వేడుకకు లెక్కలోకి వచ్చేది మగవాడి వయసు. భార్య పక్కన ఉంటేనే అది పూర్తిస్థాయి సంబరం. భర్తను పోగొట్టుకున్న స్త్రీకి 60 నిండితే అలాంటి తంతు ఏదీ లేదు. ఒకప్పుడు స్తోమత ఉన్న కొన్ని కులాలకే పరిమితమైన ఈ ఆచారం ఇప్పుడు ఫంక్షన్ హాళ్ల పుణ్యమా అని చాలా వర్గాలకు పాకింది. కొందరు పిల్లలు తల్లి 60వ పుట్టినరోజునూ అంతే ఘనంగా జరుపుతున్నారు.

కుటుంబం, ఆస్తి, పోషణ

వ్యవసాయ కుటుంబంలో తండ్రి మాటకు విలువ భూమి ఆయన చేతిలో ఉన్నన్నాళ్లు చెక్కుచెదరలేదు. పంపకాలు జరిగిన మరునాటి నుంచి ఆ విలువ మారేది. అందుకే ముందుచూపు ఉన్నవారు పంపకాల వేళ కొంత భూమిని తమ పోషణ కింద అట్టిపెట్టుకునేవారు. తాము కాలం చేశాకే అది కొడుకులకు చెందాలని పెద్దమనుషుల ముందు కాగితం రాయించుకునేవారు. ముసలితనంలో చూసుకున్నవారికే ఆ వాటా అని రాసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ కాగితం వెనుక కొడుకుల మీద అపనమ్మకం కంటే లోకం మీద అవగాహన ఎక్కువ.

కొడుకులు లేనివారు ఇల్లరికపు అల్లుడిని తెచ్చుకునేవారు. ఆంధ్ర ప్రాంతంలో రెడ్డి, కమ్మ కులాల్లో ఉన్న ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు తీర్పులు గుర్తించాయి. అత్తమామల ఇంట ఉండి సేద్యం చూసుకుంటూ వారిని కడదాకా సాకినందుకు అల్లుడికి కొడుకుతో సమానంగా ఆస్తి దక్కేది. వార్ధక్య పోషణకు, వారసత్వానికి ఉన్న ముడి ఇల్లరికంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

ఇద్దరు ముగ్గురు కొడుకులున్న ఇళ్లలో వంతులు మామూలు. నెలకో రెండు నెలలకో ఒకసారి తల్లి తన ట్రంకుపెట్టె, మందుల సంచి పట్టుకుని ఒక కొడుకు గడప దాటి మరో కొడుకు గడప తొక్కుతుంది. కొన్నిచోట్ల తండ్రిని ఒకరు, తల్లిని ఒకరు పంచుకుంటారు. నలభై యాభై ఏళ్లు కలిసి బతికిన ఇద్దరు ఆ పంపకంతో ఒకే ఊళ్లో వేర్వేరు వాకిళ్లలో భోజనం చేస్తారు. నెలకు 31 రోజులు వచ్చినప్పుడు ఆ ఒక్క రోజు ముద్ద ఎవరు పెట్టాలన్న పేచీని పల్లెల్లో కథలా చెప్పుకుంటారు. తిండికి లోటు చేయని ఇంట్లో కూడా వంతుల పద్ధతి ఆ పెద్దలకు తమదంటూ ఒక చోటు లేకుండా చేస్తుంది.

కూతురి ఇంట తినకూడదన్న పట్టింపు ఒకప్పుడు గట్టిగా ఉండేది. అది క్రమంగా సడలింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టపు ఆంధ్రప్రదేశ్ సవరణ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. పెళ్లయిన కూతురికి కూడా తల్లిదండ్రులను పోషించే బాధ్యత ఉందని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. పట్టణాల్లో ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్న తల్లిదండ్రులు సర్వసాధారణం. ఆస్తి పంచే వేళ మాత్రం కొడుకునే ముందు నిలబెట్టే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి.

స్త్రీల వార్ధక్యం

అత్తగా పెత్తనం చేసే దశ స్త్రీ జీవితంలో అధికారానికి పరాకాష్ఠ అని తెలుగు కుటుంబ కథలు చెబుతాయి. అది భర్త ఉన్నన్నాళ్లు సాగే అధికారం. స్త్రీలు సగటున ఎక్కువ కాలం బతకడం, భర్తకంటే చిన్నవారు కావడం వల్ల ముదిమిలో ఒంటరిగా మిగిలేది ఎక్కువగా వారే. భూమి, ఇల్లు, బ్యాంకు ఖాతా భర్త పేరిటే ఉన్న ఇంట్లో ఆయన పోయాక ఆమె మాట చెల్లడం ఒక్కరోజులో ఆగిపోతుంది. అగ్రవర్ణాల్లో వితంతువులకు తలగుండు, తెల్లచీర, శుభకార్యాల్లో వెలి తప్పనిసరిగా ఉండేవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పోరాటం బాలవితంతువులకు దారి చూపింది. వయసు మళ్లిన వితంతువుల స్థితి గురించి ఆ స్థాయిలో ఉద్యమం ఎన్నడూ నడవలేదు.

స్త్రీ పనికి పదవీ విరమణ ఉండదు. వంట, మనవల పెంపకం, మంచాన పడ్డ భర్తకు సేవ చేతులు ఆడినన్నాళ్లు ఆమెవే. ఆ సేవ అందుకోవాల్సిన వంతు తనకు వచ్చేసరికి ఇంట్లో చేసేవారు ఉండరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీల ఉచిత బస్సు ప్రయాణం పెద్ద వయసు మహిళలకు ఇచ్చిన స్వేచ్ఛ చిన్నది కాదు. ఛార్జీ డబ్బులకు కొడుకును అడిగే అవసరం లేకుండా తోబుట్టువుల ఇంటికో, ఆసుపత్రికో, గుడికో తమంత తాము వెళ్లిరాగలుగుతున్నారు.

వృత్తి, పదవీ విరమణ

ప్రభుత్వ ఉద్యోగికి ముసలితనం ఒక తేదీన మొదలవుతుంది. ఆ తేదీ ఎప్పుడన్నది తెలుగు రాజకీయాల్లో వేడి పుట్టించిన అంశం. 1983లో ఎన్‌.టి.రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టేనాటికి ఆయనకు 59 ఏళ్లు. నిరుద్యోగ యువతకు చోటివ్వడం ఆ నిర్ణయం ఉద్దేశం. ఒక్కసారిగా వేలమంది ఇంటిదారి పట్టడంతో తీవ్రమైన ఆందోళన రేగింది. 1984లో ఆ వయసును మళ్లీ 58కి పెంచారు. మధ్యకాలంలో పదవి కోల్పోయినవారికీ పెంపు వర్తించాలని 1985లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2014లో ఈ వయసును 60కి, 2022లో 62కు పెంచింది. తెలంగాణ 2021లో 61 చేసింది. నలభై ఏళ్ల లోపు 55 నుంచి 62 దాకా మారిన ఈ గీత వృద్ధుడంటే ఎవరన్నది ఖజానా, ఉద్యోగాల కొరత, ఓట్లు కలిసి నిర్ణయించే విషయమని రుజువు చేస్తుంది.

పింఛను ఉన్న ఉద్యోగి ఇంట్లో ఆఖరిదాకా ఆదాయం తెచ్చే మనిషే. ప్రశాంత జీవనానికి పేరుపొంది ‘పెన్షనర్స్ ప్యారడైజ్’ అనిపించుకున్న కాకినాడ లాంటి పట్టణాల్లో విశ్రాంత ఉద్యోగుల సంఘాలు, భజన మండళ్లు, ఉదయపు నడక బృందాలు కలిసి పెద్ద వయసుకు ఒక గౌరవప్రదమైన సామాజిక జీవితాన్ని ఏర్పరిచాయి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు ఆ భరోసా లేకుండా పోయింది. వారికి వర్తించే కంట్రిబ్యూటరీ పింఛను పథకం రద్దు చేయాలని రెండు రాష్ట్రాల్లో ఏళ్ల తరబడి సాగిన ఆందోళనల మూలం, విరమణ తరువాత పిల్లల ముందు చేయి చాచాల్సి వస్తుందన్న భయమే.

కూలీకి, కౌలు రైతుకు విరమణ తేదీ లేదు. ఒళ్లు సహకరించినన్నాళ్లు పని, ఆ తరువాత పస్తు. ఉపాధి హామీ పనికి గరిష్ఠ వయోపరిమితి లేకపోవడంతో 60, 65 దాటినవారు మండుటెండలో మట్టి తట్టలు మోసే దృశ్యం పల్లెల్లో మామూలైంది. మగ్గం గుంటలో వంగి కూర్చున్న నేతగాడు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు 50 ఏళ్లకే చూపు, నడుము, మోకాళ్లు పోగొట్టుకుంటారు. అందుకే రెండు రాష్ట్రాలూ వారికి 50 ఏళ్లకే పింఛను ఇస్తున్నాయి. ముసలితనం అందరికీ ఒకే వయసులో రాదని, చేసిన చాకిరీని బట్టి వస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భం ఇది.

సామాజిక పింఛన్లు

వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం అందించాలని రాజ్యాంగంలోని 41వ అధికరణం ఆదేశిక సూత్రంగా చెబుతుంది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం పేద వృద్ధులకు పింఛను ప్రారంభించింది. 60 నుంచి 79 ఏళ్ల వారికి నెలకు 200 రూపాయలు, 80 నిండినవారికి 500 రూపాయల చొప్పున ఇచ్చే కేంద్ర వాటా ఎన్నో ఏళ్లుగా కదలలేదు. అసలు పెంపు రాష్ట్రాలు తెచ్చిందే.

ఉమ్మడి రాష్ట్రం చివరి రోజుల్లో 200 రూపాయలున్న పింఛను 2014లో రెండు రాష్ట్రాల్లోనూ 1,000 అయింది. తెలంగాణ ‘ఆసరా’ పేరిట 2019లో దాన్ని 2,016 రూపాయలు చేసి, తరువాత అర్హత వయసును 65 నుంచి 57కు తగ్గించింది. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత వయసు 60. అక్కడ మొత్తం దశలవారీగా పెరిగి 2024 జులై నుంచి 4,000 రూపాయలకు చేరింది. 2020 ఫిబ్రవరి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీకున ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చి డబ్బు ఇవ్వడం మొదలైంది. గంటల కొద్దీ వరుసలో నిలబడే బాధ తప్పింది. ఏళ్లకేళ్లు కూలి చేసి గీతలరిగిన వేళ్లు యంత్రానికి అందక పింఛను ఆగే ఇబ్బందిని తప్పించడానికి కంటిపాప, ముఖం గుర్తింపు పద్ధతులు తెచ్చారు.

ఈ డబ్బు ఇంట్లో పెద్దల స్థానాన్ని మార్చింది. మనవడికి పలక, తనకు మాత్రలు, పండగకు పావు కిలో నెయ్యి ఎవరినీ అడగకుండా కొనగలిగే అవ్వ మాటకు ఇంట్లో బరువు ఉంటుంది. పింఛను వచ్చే తల్లిని దగ్గర ఉంచుకోవడానికి కొడుకులు పోటీ పడే ఇళ్లూ ఉన్నాయి, ఒకటో తారీకునే ఆ డబ్బు లాక్కునే ఇళ్లూ ఉన్నాయి. ఏ రకంగా చూసినా, చేతిలో సొంత రూపాయి ఉన్న వృద్ధుడిని ఇల్లు చూసే చూపు వేరు.

వలసలు, ప్రవాసం

వలస తెలుగు నేలలో వార్ధక్యాన్ని మూడు రకాలుగా తాకింది. మొదటిది కూలి వలస. పాలమూరు నుంచి హైదరాబాద్, ముంబైలకు, కర్నూలు పశ్చిమ మండలాల నుంచి గుంటూరు మిరప, పత్తి చేలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, కదిలినప్పుడు ఊళ్లో మిగిలేది ముసలివారు, బడిపిల్లలు, గొడ్లు. ఇతరులు సాకవలసిన వయసులో ఉన్నవారే మళ్లీ సాకేవారవుతారు. రెండోది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి సాగిన గల్ఫ్ వలస. కొడుకు పంపే డబ్బుతో ఇల్లు లేస్తుంది గానీ, తండ్రి కాలం చేస్తే కడసారి చూపుకు అతను అందుతాడన్న నమ్మకం ఉండదు.

మూడోది అమెరికా వలస. కూతురు పురిటికో కోడలి పురిటికో తల్లి విమానమెక్కడం ఇప్పుడు మధ్యతరగతి జీవితంలో ఒక ఘట్టం. సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆవిడ తిరిగివచ్చే సమయానికి వియ్యపురాలు బయలుదేరేలా కుటుంబాలు ముందే మాట్లాడుకుంటాయి. అక్కడ కారు నడపడం రాక, ఇరుగుపొరుగు లేక, చలికాలంలో గడప దాటలేక గడిపే రోజులు బరువైనవే. ఇక్కడికి వచ్చాక పెద్ద ఇంట్లో ఇద్దరే మిగలడం ఇంకో బరువు. పిల్లలు డబ్బుకు లోటు చేయరు. రోజూ ఫోన్లో కనపడతారు. రాత్రి పూట గుండెల్లో నొప్పి వస్తే ఆటో పిలిచేది మాత్రం పక్కింటివారే. ఈ పెద్దలను ‘పిల్లలు వదిలేసినవారు’ అని జాలిపడడం తప్పు. వారిలో ఎక్కువమంది పిల్లల ఎదుగుదలను కోరి పంపినవారే, దాని ఖరీదు తెలిసి భరిస్తున్నవారే.

వృద్ధాశ్రమాలు

పూర్వం సంసారం నుంచి విరమించుకోదలచినవారికి కాశీవాసం ఉండేది. ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే’ అన్న సామెత నాటి ప్రయాణపు కష్టాన్నే గాక తిరిగి రాకూడదన్న సంకల్పాన్నీ చెబుతుంది. కాశీలో తెలుగువారి సత్రాలు నేటికీ నడుస్తున్నాయి. వృద్ధాశ్రమం అలాంటి పుణ్యం అంటని చోటు. దాన్ని తొలుత క్రైస్తవ సేవాసంస్థలు, తరువాత ధర్మసంస్థలు నడిపాయి. అందులో చేరడమంటే పిల్లలు గెంటేశారని లోకం అనుకునేది. ఆ మచ్చకు జడిసి ఇంట్లో అవమానాలు దిగమింగినవారు ఎందరో.

డబ్బు కట్టి ఉండే వసతి గృహాలు, వైద్య సదుపాయంతో కట్టిన ఇళ్ల సముదాయాలు హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ పరిసరాల్లో పెరిగాక ఈ దృష్టి కొంత మారింది. తమంత తాము నిర్ణయించుకుని చేరే దంపతులు ఇప్పుడు ఉన్నారు. పేదలకు మాత్రం ఆ ఎంపిక లేదు. ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే ఆశ్రమం దశలవారీగా ఏర్పాటు చేయవచ్చని 2007 చట్టం చెప్పినా, ఆ పని నత్తనడకనే సాగుతోంది.

ఆరోగ్యం, మతిమరుపు

‘వయసు మీదపడింది, ఇంతే’ అన్న మాట ఇంట్లోవారి నోటే కాదు, వైద్యుల నోటా వినిపిస్తుంది. వినికిడి తగ్గినా, నిద్ర పట్టకపోయినా, దిగులు కమ్మినా చికిత్స ఉందని తెలియక వదిలేస్తారు. అడిగిందే అడగడం, దారి తప్పిపోవడం, పెట్టిన వస్తువు ఎవరో ఎత్తుకెళ్లారని అనుమానించడం లాంటి లక్షణాలను చాదస్తమని కొట్టిపారేస్తారు. అవి చిత్తవైకల్యానికి, అంటే డిమెన్షియాకు, గుర్తులు కావచ్చు. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం, సుమారు 88 లక్షల మంది, దీనితో బాధపడుతున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. అది జబ్బు అని తెలిసిన ఇంట్లో విసుగు తగ్గి ఓపిక పెరుగుతుంది.

అందుబాటులో వైద్యం ఉంటే ఆలోచన ఎంత త్వరగా మారుతుందో కంటిశుక్లాల చరిత్ర చూపిస్తుంది. ముసలితనంలో చూపు పోవడం విధి అని ఒప్పుకున్న పల్లెలే, 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటివి గ్రామాల దాకా కేంద్రాలు విస్తరించాక, శస్త్రచికిత్సను మామూలు విషయంగా తీసుకున్నాయి. విధి అనుకున్నది చాలావరకు సదుపాయం లేకపోవడమే. 70 ఏళ్లు నిండిన అందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్య బీమాను కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్‌లో చేర్చింది.

సాహిత్యం, సినిమా

ఆధునిక తెలుగు సాహిత్యం ముసలితనాన్ని మొదట విమర్శతోనే పలకరించింది. కందుకూరి ‘బ్రహ్మవివాహము’, గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ పసిపిల్లలను పెళ్లాడే ముసలివరులను ఎండగట్టాయి. 1892లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలోని లుబ్ధావధాన్లు అలాంటి వరుడికి శాశ్వతమైన నమూనా అయ్యాడు. ఆ సంస్కరణ అవసరమైనది. దాని నీడ మాత్రం సమవయస్కుల మధ్య మలివయసు తోడు మీద కూడా పడి, అది నవ్వులాటగా మిగిలిపోయింది.

సినిమా వేరే కోణం పట్టుకుంది. 1972 నాటి ‘బడిపంతులు’లో విశ్రాంత ఉపాధ్యాయుడిని, ఆయన భార్యను కొడుకులు పంచుకోవడం ప్రేక్షకులను కంటతడి పెట్టించింది. దాసరి నారాయణరావు ‘అమ్మ రాజీనామా’ (1991) తల్లి చాకిరీకి విరమణ ఎప్పుడని సూటిగా అడిగింది. శ్రీరమణ కథ ఆధారంగా తనికెళ్ల భరణి తీసిన ‘మిథునం’ (2012) పిల్లలు విదేశాల్లో ఉండగా పల్లెటూరి ఇంట్లో దంపతులు పండించుకున్న జీవితాన్ని చూపింది. ‘శతమానం భవతి’ (2017) ప్రవాస సంతానం కోసం ఎదురుచూసే పెద్దల కథ. ‘ఓ బేబీ’ (2019) బాధ్యతల కింద నలిగిన ముసలావిడకు తన కోరికలు తనకుంటాయని గుర్తు చేసింది. బాధితులుగా మాత్రమే కనిపించిన వృద్ధులు సొంత ఇష్టాలున్న మనుషులుగా తెరమీదికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

వయోవివక్ష: పరిశోధనలు

వయసును బట్టి మనుషులను తక్కువగా చూడడాన్ని వయోవివక్ష అంటారు. అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో ఈ భావనకు పేరు పెట్టాడు. ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి వృద్ధుల పట్ల ఇలాంటి చులకన భావం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక తెలిపింది. తన ముసలితనం గురించి మంచి భావన ఉన్నవారు, లేనివారి కంటే సగటున ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారని బెక్కా లెవీ బృందం 2002లో వెల్లడించింది. ‘నాతో ఏం పనిలే’ అని పెద్దలే అనుకునేలా చేయడం వారి ఆయుష్షును కోయడమేనని దీని అర్థం.

పరిశ్రమలు, చదువు, పట్టణాలు పెరిగేకొద్దీ వృద్ధుల స్థాయి పడిపోతుందని డొనాల్డ్ కౌగిల్, లోవెల్ హోమ్స్ 1972లో ప్రతిపాదించారు. తెలుగు అనుభవం ఆ సిద్ధాంతాన్ని పూర్తిగా సమర్థించదు. ఉమ్మడి కుటుంబపు రోజుల్లోనే భూమిలేని ముసలి కూలీకి, వితంతువుకు దక్కిన మర్యాద అంతంత మాత్రం. నేడు పింఛను, ఉచిత బస్సు ప్రయాణం, వైద్య బీమా ఉన్న పేద వృద్ధురాలికి తన తల్లికి లేని స్వతంత్రం ఉంది. ఆస్తిపరుడైన పెద్దాయనకు మాత్రం తన తండ్రికి దక్కినంత పెత్తనం దక్కడం లేదు. పోయింది పెత్తనం, వచ్చింది హక్కు.

చట్టపరమైన రక్షణ

వయసు మళ్లిన తల్లిదండ్రుల పోషణ బాధ్యతను 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం కొడుకులతో పాటు కూతుళ్ల మీద కూడా పెట్టింది. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం దారిని సులువు చేసింది. పోషణ కరువైన పెద్దలు రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయిలోని ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. వకీలు అవసరం లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో నిర్ణయం రావాలి. నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు ఇప్పించవచ్చు. వృద్ధులను వదిలేసినవారికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.

ఈ చట్టంలోని 23వ సెక్షన్ ఆస్తికి సంబంధించినది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. షరతు ఉందని రుజువు కావాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరో తీర్పులో పేర్కొంది. దాన సెటిల్‌మెంటు దస్తావేజులో ‘జీవితాంతం తిండి, బట్ట, వైద్యం, నివాసం చూడవలెను’ అన్న వాక్యం ఉంటే వాదనకు తావు ఉండదు. తాతల నాటి పోషణ కాగితానికి ఇది నేటి రూపం. తెలంగాణలో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించిన ఎల్డర్‌లైన్ 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి సలహా, సాయం అడగవచ్చు.

మారుతున్న ధోరణులు

ఒంటరి వృద్ధులు మళ్లీ పెళ్లి చేసుకోవడం, పెళ్లి లేకుండా తోడుగా ఉండడం నగరాల్లో నెమ్మదిగా ఆమోదం పొందుతోంది. హైదరాబాద్‌లోని ‘తోడు నీడ’ వంటి సంస్థలు ఇందుకు పరిచయ వేదికలు నడుపుతున్నాయి. అభ్యంతరాలు ఎక్కువగా ఆస్తి ఏమైపోతుందోనన్న పిల్లల భయం నుంచే వస్తున్నాయి. స్మార్ట్‌ఫోన్ నేర్చుకున్న పెద్దలు యూట్యూబ్‌లో వంటలు, పద్యాలు, వ్యవసాయ అనుభవాలు చెబుతూ కొత్త శ్రోతలను సంపాదించుకున్నారు. తిరుమలలో 65 దాటినవారికి ప్రత్యేక దర్శనం, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో 60 దాటినవారికి 25 శాతం రాయితీ ఉన్నాయి. రైళ్లలో ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపేశాక తిరిగి ఇవ్వకపోవడం పెద్దల్లో అసంతృప్తికి కారణమైంది.

పాతకాలంలో పెద్దలకు అంతా గౌరవమే దక్కిందని, ఇప్పటి పిల్లలు మాత్రమే చెడిపోయారని అనుకోవడం చరిత్రకు నిలవదు. ఏ కాలంలోనైనా సొంత ఆదాయం, సొంత ఇల్లు, కదిలే ఒళ్లు ఉన్న వృద్ధులకు మర్యాద దక్కింది, లేనివారు కొడుకుల మనసును నమ్ముకుని బతికారు. మంచి పిల్లలు ఉండడం అదృష్టం. ముసలితనంలో గౌరవం ఆ అదృష్టం మీద ఆధారపడకూడదు. సరిపడే పింఛను, దగ్గరలో వైద్యం, తన పేరిట ఇల్లు, కావాలనుకున్నప్పుడు మాట్లాడే మనిషి ప్రతి వృద్ధుడికీ వృద్ధురాలికీ ఉండాలి. ఆస్తి రాసిచ్చే ముందు దస్తావేజులో పోషణ షరతు రాయించుకోండి. పక్కింట్లో పెద్దవారు ఆకలితోనో దెబ్బలతోనో ఉన్నారని తెలిస్తే 14567కు ఫోన్ చేయండి.